ప్రైమరీ కీ ఎలా ఎంచుకోవాలి: ఉన్న నంబరా, పుట్టించిన నంబరా?

2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంక్ యూనియన్ బ్యాంక్‌లో కలిసింది. సరిగ్గా ఏడాది తర్వాత, 2021 ఏప్రిల్ 1 నుంచి, పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లు చెల్లకుండా పోయాయి. ఏఎన్‌డీబీతో మొదలయ్యే కోడ్‌ల బదులు యూబీఐఎన్‌తో మొదలయ్యేవి వచ్చాయి. శాఖ ఉన్న వీధి మారలేదు, ఖాతాదారులు మారలేదు, కోడ్ ఒక్కటే మారింది. బ్రాంచి టేబుల్‌కి ఐఎఫ్ఎస్‌సీనే ప్రైమరీ కీగా, అంటే ఒక్కో రికార్డునీ విడిగా గుర్తించే, మిగతా టేబుళ్లూ వాడే విలువగా, పెట్టుకున్నవాళ్లకు ఆ ఒక్క మార్పు ఖాతాల టేబుల్‌లోకి, చెల్లింపుల టేబుల్‌లోకి, పాత రిపోర్టుల్లోకి పాకింది. ప్రైమరీ కీని ఎంత ఆలోచించి ఎంచుకోవాలో తెలియాలంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించదు.

బయటి ప్రపంచంలో ముందే ఉన్న విలువను కీగా వాడితే దాన్ని నేచురల్ కీ అంటారు. డేటాబేసో, మన ప్రోగ్రామో పుట్టించిన, తనకంటూ ఏ అర్థమూ లేని విలువను వాడితే సరోగేట్ కీ అంటారు. ఏది మంచిదని అడిగితే నేను ఎదురు ఒక ప్రశ్న వేస్తాను: ఆ విలువను మార్చే అధికారం ఎవరి చేతిలో ఉంది? కింద చెప్పే అడుగులన్నీ ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

చేతికి ఒక పని ఉంటే మాట తేలిగ్గా అర్థమవుతుంది కాబట్టి, పాల సేకరణ డేటాబేస్‌ని తీసుకుందాం. ఊరూరా పాల కేంద్రాలు. రైతులు పొద్దున, సాయంత్రం పాలు పోస్తారు. ప్రతిసారీ లీటర్లు, వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే ఘనపదార్థాల శాతం) నమోదవుతాయి. పది పదిహేను రోజులకోసారి బిల్లు లెక్కగట్టి డబ్బు బ్యాంకు ఖాతాలో వేస్తారు. ఇందులో రైతు, కేంద్రం, జిల్లా, బ్యాంకు బ్రాంచి, పాల నమోదు, బిల్లు అనే టేబుళ్లు కావాలి. వీటన్నిటికీ ఒకే రకం కీ సరిపోదు.

మొదటి అడుగు: ఒక్కో టేబుల్‌కీ ఒక వాక్యం రాయండి

టూల్ తెరవకముందే కాగితం మీద రాయండి: "ఈ టేబుల్‌లో ఒక రికార్డు అంటే దేని గురించి? రెండు రికార్డులు ఒకే దాని గురించని ఎప్పుడు అంటాం?"

పాల నమోదుకి చాలామంది మొదట రాసే వాక్యం ఇలా ఉంటుంది: "ఒక రైతు, ఒక తేదీ, ఒక పూట. ఈ మూడూ కలిస్తే ఒక రికార్డు." వినడానికి బాగుంది. కానీ కేంద్రం దగ్గర ఒక పూట నిలబడి చూడండి. ఒకే రైతు ఆవు పాలు వేరుగా, గేదె పాలు వేరుగా పోస్తాడు. రెండింటికీ వెన్న శాతం వేరు, ధర వేరు. సరే, పాల రకాన్ని కూడా చేర్చి నాలుగు కాలమ్‌లు చేశాం. ఇంతలో ఆ ఇంటివాళ్లే ఇంకో క్యాన్ తెచ్చారు, అదే పూట, అవే గేదె పాలు. దాన్ని మొదటి నమోదుకి కలపాలా, విడిగా రాయాలా? ఈ ప్రశ్నకు జవాబు డేటాబేస్ పుస్తకంలో దొరకదు. కేంద్రం నడిపేవారిని అడగాలి. "కలిపే రాస్తాం" అంటే నాలుగు కాలమ్‌లూ కలిపి నిజంగా యూనిక్, అంటే ఆ కలయిక రెండోసారి రాదు. "విడిగా రాస్తాం, శాంపిల్ కూడా విడిగా తీస్తాం" అంటే కాదు.

ఈ అడుగు దాటేసి నేరుగా ఆటో ఇంక్రిమెంట్ ఐడీ (డేటాబేసే ఒక్కొక్కటిగా పెంచుకుంటూ ఇచ్చే నంబరు) పెట్టేసినవాళ్లకు ఈ ప్రశ్న ఎదురే రాదు. నమోదులు రెండుసార్లు పడినప్పుడు, అది పొరపాటో రెండో క్యానో చెప్పలేని స్థితి వస్తుంది. అందుకే చివరికి సరోగేట్ కీనే ఎంచుకున్నా సరే, ఈ వాక్యం మాత్రం తప్పనిసరిగా రాయండి.

రెండో అడుగు: ఉన్న నంబర్లను నాలుగు ప్రశ్నలతో పరీక్షించండి

ప్రతి నేచురల్ కీనీ ఇలా అడగండి. ఇది అందరికీ, రికార్డు పుట్టిన రోజునుంచే ఉంటుందా? నిజంగా ఒక్కరికే చెందుతుందా? మారుతుందా, మారిస్తే ఎవరు మారుస్తారు? ఎవరు చూసినా ఫర్వాలేదా? నాలుగింటిలో మూడోది అన్నిటికన్నా బరువైనది.

ఐఎఫ్ఎస్‌సీ కథ చూశాం. 11 అక్షరాల ఆ కోడ్‌లో మొదటి నాలుగూ బ్యాంకు పేరుని సూచిస్తాయి. అంటే బ్యాంకు విలీనమైతే కోడ్ మారక తప్పదని దాని నిర్మాణంలోనే రాసి ఉంది. 2017లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఎస్‌బీఐలో కలిసింది, 2020లో సిండికేట్ బ్యాంక్ కెనరాలో కలిసింది. మనం గీసిన టేబుల్‌కి ఈ నిర్ణయాల్లో మాట లేదు. అర్థాన్ని లోపల దాచుకున్న ఏ కోడ్‌నైనా ఇలాగే అనుమానించండి. జీఎస్‌టీ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, ఆ తర్వాత పది అక్షరాలు పాన్. వ్యాపారి రాష్ట్రం మారితే నంబరు మారుతుంది.

జిల్లా పేరు ఇంకా చిక్కు. ఉమ్మడి వరంగల్ జిల్లా 2016 అక్టోబర్‌లో విడిపోయి వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ వగైరా జిల్లాలు ఏర్పడ్డాయి. 2021లో అర్బన్ పేరు హనుమకొండ అయింది, రూరల్ పేరు వరంగల్ అయింది. ఇప్పుడు జిల్లా కాలమ్‌లో "వరంగల్" అని ఉన్న రికార్డు ఏ జిల్లాది? 2015లో పడిందైతే ఒకటి, 2022లో పడిందైతే ఇంకొకటి. పేరు మారడం ఒక సమస్య అయితే, పాత పేరు మరో దానికి అంటుకోవడం అంతకన్నా పెద్ద సమస్య. దేశాల కోడ్‌లలోనూ ఇది జరిగింది. సీఎస్ అనే రెండక్షరాల కోడ్ మొదట చెకోస్లోవాకియాది, 2003లో సెర్బియా మాంటెనెగ్రోకి ఇచ్చారు.

జిల్లాకి సొంత ఐడీ ఇస్తే పాత వరంగల్, కొత్త వరంగల్ రెండు వేర్వేరు రికార్డులుగా నిలబడతాయి. అయితే ఐడీ ఒక్కటే సరిపోదు. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు ఎన్నో ఊళ్లు ఒక జిల్లా నుంచి మరో జిల్లాకి వెళ్లాయి. "ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు" అనే రెండు కాలమ్‌లు లేకపోతే గతేడాది జిల్లాల వారీ లెక్క తప్పుగా వస్తుంది.

రైతుని గుర్తించడానికి ఆధార్ వాడదామనే ఆలోచన అందరికీ వస్తుంది. 12 అంకెలు, మనిషికి ఒకటే, మారదు. మూడు ప్రశ్నలూ చాలావరకు నెగ్గుతుంది, నాలుగోదాని దగ్గర పూర్తిగా ఓడిపోతుంది. ప్రైమరీ కీ అంటే ప్రతి అనుబంధ టేబుల్‌లోకీ, లాగ్ ఫైల్‌లోకీ, వెబ్ చిరునామాలోకీ కాపీ అయ్యే విలువ. ఆధార్ నంబర్లు నిల్వ చేసే సంస్థలు వాటిని ఎన్‌క్రిప్ట్ చేసి విడిగా ఒక వాల్ట్‌లో ఉంచాలనీ, మిగతా వ్యవస్థల్లో దానికి బదులుగా ఒక రిఫరెన్స్ కీ వాడాలనీ ఆధార్ జారీచేసే సంస్థ యూఐడీఏఐ 2017లోనే ఆదేశించింది. ఒక రకంగా సరోగేట్ కీ వాడమని నియమమే చెబుతోంది. అసలు మీ పనికి ఆధార్ అవసరమే లేకపోతే అడగకండి.

మొబైల్ నంబరు నాలుగింటిలో ఒక్కటీ నెగ్గదు. పల్లెల్లో ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్ ఉండవచ్చు. ఆపేసిన నంబరుని 90 రోజుల గడువు దాటాక కంపెనీ ఇంకొకరికి ఇవ్వవచ్చు. రైతు డబ్బుల సమాచారం పరాయివాడి ఫోన్‌కి వెళ్లే ప్రమాదం ఇక్కడే ఉంది.

ఇక మనిషి పేరు గురించి తెలుగువాళ్లుగా మనకు ప్రత్యేకంగా తెలియాల్సిన సంగతి ఒకటుంది. లక్ష్మి, లక్ష్మీ అనే తేడా కంటికి కనిపిస్తుంది. "రాజ్‌కుమార్" అని రాసేటప్పుడు జ్ పొల్లుగా నిలవడానికి మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని అక్షరం పడుతుంది. ఒక కీబోర్డు దాని తర్వాత ఇంకో కనిపించని అక్షరాన్నో, చివర ఒక ఖాళీనో చేర్చితే, తెర మీద రెండు పేర్లూ అచ్చం ఒకేలా ఉంటాయి, డేటాబేస్‌కి మాత్రం అవి వేరు. తెలుగు లిపిలో ఉన్న ఏ పాఠాన్నీ శుభ్రపరచకుండా కీగా గానీ, యూనిక్ కాలమ్‌గా గానీ పెట్టకండి.

పాలు సేకరించే సొసైటీ స్వయంగా ఇచ్చే సభ్యుడి నంబరు మాత్రం మంచి అభ్యర్థిలాగే కనిపిస్తుంది, అధికారం మన చేతిలోనే ఉంది కదా. కేంద్రం కోడ్‌తో కలిపితే యూనిక్కే. కానీ పెద్దాయన చనిపోయాక అదే నంబరు కొడుక్కి ఇచ్చే ఆనవాయితీ ఉందా అని అడగండి. ఉంటే ఇద్దరి చరిత్రా ఒకే కీ కింద కలిసిపోతుంది.

మూడో అడుగు: నేచురల్ కీ సరిపోయే చోట దాన్నే వాడండి

ఇంత చెప్పాక అన్ని టేబుళ్లకీ సరోగేట్ కీ పెట్టేయాలని అనిపించవచ్చు. అలా చేయకండి.

పాల రకం టేబుల్‌లో రెండు మూడు రికార్డులే ఉంటాయి. ఆ కోడ్‌లను మీరే నిర్ణయించారు, మీరు మార్చనంత కాలం మారవు. అక్కడ "ఆవు", "గేదె" అనే చిన్న కోడ్‌నే ప్రైమరీ కీగా పెడితే పాల నమోదు టేబుల్‌ని చూడగానే అర్థమవుతుంది, జాయిన్ (రెండు టేబుళ్లను కలిపి చదవడం) కూడా తప్పుతుంది. 1, 2 అని పెడితే ఆరు నెలల తర్వాత ఏది ఏదో మీకే గుర్తుండదు. పూటకీ అదే మాట.

రెండు టేబుళ్లను కలిపే టేబుళ్లకు కూడా అంతే. పాల బండి వెళ్లే ఏ రూట్‌లో ఏ కేంద్రం ఉందో చెప్పే టేబుల్‌కి రూట్ ఐడీ, కేంద్రం ఐడీ రెండూ కలిపి ప్రైమరీ కీ అయితే చాలు. దానికి విడిగా ఐడీ పెట్టి ఆ జంట మీద యూనిక్ నియమం మరిచిపోతే, ఒకే కేంద్రం ఒకే రూట్‌లో రెండుసార్లు పడుతుంది. అయితే ఆ కలయికనే మరో టేబుల్ సూచించాల్సి వస్తే అప్పుడు ఆలోచన మార్చుకోండి.

పాల నమోదు సరిగ్గా అలాంటిదే. కేంద్రం, సభ్యుడు, తేదీ, పూట, పాల రకం కలిపి ఐదు కాలమ్‌ల కీ పెడితే, నాణ్యత పరీక్ష టేబుల్, సవరణల టేబుల్, బిల్లు వివరాల టేబుల్ అన్నీ ఆ ఐదు కాలమ్‌లనూ మోయాలి. పైగా పూట తప్పుగా పడి సరిదిద్దాల్సి వస్తే కీనే మారుతుంది. అంటే సరిదిద్దే ప్రతిసారీ కింది టేబుళ్లన్నీ కదలాలి. ఇక్కడ సరోగేట్ కీ పెట్టండి.

"ఆన్ అప్‌డేట్ క్యాస్కేడ్ ఉందిగా, అదే మార్చేస్తుంది" అంటారేమో. కీ మారితే దాన్ని వాడే టేబుళ్లలోనూ మార్చే ఈ ఏర్పాటు పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లలో ఉంది, ఒరాకిల్‌లో లేదు. ఉన్నచోట కూడా అది మీ డేటాబేస్ లోపలే పనిచేస్తుంది. బ్యాంకుకి పంపిన ఫైలు, అకౌంటెంట్ దగ్గరున్న ఎక్సెల్, ఇంకో సర్వర్‌లోని కాపీ దాని చేతికి అందవు.

నాలుగో అడుగు: పుట్టించే నంబరు ఏ రకమో తేల్చుకోండి

ఒకే సర్వర్, ఒకే డేటాబేస్ అయితే వరుసగా పెరిగే పూర్ణాంకమే నా ఎంపిక. చిన్నది, వేగమైనది, ఫోన్‌లో చదివి చెప్పగలిగేది. పోస్ట్‌గ్రెస్‌లో 10వ వెర్షన్ నుంచీ అలా నంబరిచ్చే ఐడెంటిటీ కాలమ్ ఉంది, పాత సీరియల్ రకం బదులు దాన్నే వాడండి.

రకం మాత్రం బిగ్‌ఇంట్ (8 బైట్ల పూర్ణాంకం) తీసుకోండి. మామూలు 4 బైట్ల ఇంట్ గరిష్ఠం 2,147,483,647, అంటే దాదాపు 214 కోట్లు. చాలా పెద్దదే అనిపిస్తుంది. లెక్క వేద్దాం: ఒక కేంద్రంలో 500 మంది రైతులు, రోజుకి రెండు పూటలు, ఏడాదికి 3,65,000 నమోదులు. అలాంటి కేంద్రాలు 1,000 ఉంటే ఏడాదికి 36.5 కోట్లు. ఆరో ఏడు నిండకముందే నంబర్లు అయిపోతాయి, ఒక తెల్లవారుజామున పాల నమోదు ఆగిపోతుంది. బిగ్‌ఇంట్‌కి రికార్డుకి ఇంకో 4 బైట్లు ఖర్చు. నడుస్తున్న పెద్ద టేబుల్‌లో కాలమ్ రకం మార్చే బాధతో పోలిస్తే అది ఖర్చే కాదు.

పాల కేంద్రంలో నెట్‌వర్క్ పోతుంది. రైతులు వరసలో నిలబడి ఉంటారు, పాలు ఆగవు. అప్పుడు ట్యాబ్‌లో నమోదు చేసి, సిగ్నల్ వచ్చాక సర్వర్‌కి పంపాలి. సర్వర్ ఇచ్చే వరుస నంబరు కోసం ఎదురుచూసే వీల్లేదు. ఇక్కడ యూయూఐడీ పనికొస్తుంది. 128 బిట్ల ఆ విలువను ట్యాబ్ తనంతట తానే పుట్టించుకోగలదు, రెండు ట్యాబ్‌లలో ఒకటే రావడం జరగదనే అనుకోవచ్చు.

దీనితో ఇంకో పెద్ద లాభం ఉంది, దీన్ని తక్కువమంది గమనిస్తారు. ట్యాబ్ నమోదుని పంపింది, సర్వర్ రాసుకుంది, "అందింది" అనే జవాబు దారిలో పోయింది. ట్యాబ్ మళ్లీ పంపుతుంది. ఐడీ సర్వర్ పుట్టించేదైతే రెండో నమోదు పడుతుంది, రైతు ఖాతాలో పోయని పాలకి డబ్బు పడుతుంది. ఐడీ ట్యాబ్‌లోనే పుట్టి ఉంటే రెండోసారి వచ్చినది అదే ప్రైమరీ కీ దగ్గర ఆగిపోతుంది. సర్వర్ దాన్ని "ఇప్పటికే ఉంది" అని ఒప్పుకుంటే చాలు.

యూయూఐడీలో వెర్షన్ చూసి ఎంచుకోండి. 4వ వెర్షన్ దాదాపు పూర్తిగా యాదృచ్ఛికం. మైఎస్‌క్యూఎల్‌లో డేటాని నిల్వచేసే భాగమైన ఇన్నోడీబీలో టేబుల్ డేటా ప్రైమరీ కీ క్రమంలోనే డిస్క్ మీద అమరి ఉంటుంది. యాదృచ్ఛికంగా వచ్చే ప్రతి కొత్త రికార్డూ ఎక్కడో మధ్యలో దూరాలి, పేజీలు (డేటాని ఉంచే ముక్కలు) చీలిపోతాయి, రాతలు నెమ్మదిస్తాయి. 7వ వెర్షన్ ముందు భాగంలో మిల్లీసెకన్ల కాలముద్ర ఉంటుంది కాబట్టి కొత్తవి చివరికి చేరతాయి. 2024 మే నెలలో ఇది అధికారిక ప్రమాణంలో చేరింది. పోస్ట్‌గ్రెస్ 18లో దీన్ని పుట్టించే ఫంక్షన్ లోపలే వస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ మాత్రం ఈ విలువలను చివరి బైట్ల నుంచి పోల్చి అమరుస్తుంది, అందువల్ల అక్కడ 7వ వెర్షన్ క్రమం నిలవదు.

నిల్వ చేసేది 36 అక్షరాల పాఠంగా కాకుండా 16 బైట్లుగా: పోస్ట్‌గ్రెస్‌లో యూయూఐడీ రకం, మైఎస్‌క్యూఎల్‌లో 16 బైట్ల బైనరీ. ఇన్నోడీబీలో ప్రతి అదనపు ఇండెక్స్‌లోనూ (వేగంగా వెతకడానికి పెట్టే సూచికలోనూ) ప్రైమరీ కీ కాపీ ఉంటుంది. కీ లావైతే ఇండెక్సులన్నీ లావవుతాయి.

ఐదో అడుగు: యూనిక్ నియమం మరవకండి

సరోగేట్ కీ వాడేవాళ్లు అన్నిటికన్నా ఎక్కువ నిర్లక్ష్యం చేసేది ఇదే. ఐడీ ఎప్పుడూ కొత్తదే కాబట్టి, ఒకే బ్రాంచిని పదిసార్లు ఎక్కించినా డేటాబేస్ అడ్డుచెప్పదు. మొదటి అడుగులో రాసుకున్న వాక్యాన్ని బయటికి తీసి, దాన్ని యూనిక్ కన్‌స్ట్రెయింట్‌గా, అంటే డేటాబేసే తప్పనిసరిగా పాటించే నియమంగా, మార్చండి. బ్రాంచికి ఐడీ ప్రైమరీ కీ, ఐఎఫ్ఎస్‌సీ మీద యూనిక్. ప్రోగ్రాంలో "ముందే ఉందేమో చూసి ఎక్కిద్దాం" అనే తనిఖీ సరిపోదు. ఇద్దరు ఒకే క్షణాన చూస్తే ఇద్దరికీ "లేదు" అనే జవాబే వస్తుంది.

సభ్యుడి నంబరు చేతులు మారే ఆనవాయితీ ఉంటే, నియమం "ప్రస్తుతం ఉన్న సభ్యుల్లో యూనిక్" అని ఉండాలి. పోస్ట్‌గ్రెస్‌లో షరతుతో కూడిన యూనిక్ ఇండెక్స్ రాయవచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో అది నేరుగా లేదు, సభ్యత్వం ముగిస్తే నల్ (విలువ లేనిది) అయ్యే జనరేటెడ్ కాలమ్ (వేరే కాలమ్‌ల నుంచి లెక్కగట్టే కాలమ్) మీద యూనిక్ పెట్టుకోవాలి. యూనిక్ కాలమ్‌లో పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ ఎన్ని నల్‌లనైనా ఒప్పుకుంటాయి, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఒక్కదాన్నే ఒప్పుకుంటుంది. ఖాళీగా ఉండకూడని కాలమ్‌కి నాట్ నల్ కూడా పెట్టండి.

ఆరో అడుగు: లోపలి ఐడీని రసీదు మీద అచ్చు వేయకండి

వరుస ఐడీ బయటికి కనిపిస్తే రెండు ఇబ్బందులు. బిల్లు వెబ్ చిరునామాలో 1041 ఉంటే ఎవరైనా 1042 కొట్టి చూస్తారు. దీనికి అసలు మందు అనుమతి తనిఖీ. ఐడీని ఊహించలేనిదిగా మార్చడం దానికి తోడు మాత్రమే. రెండోది, నంబర్ల మధ్య తేడా చూసి మీ వ్యాపారం ఎంత జరుగుతోందో లెక్కగట్టవచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాలు పట్టుబడిన జర్మన్ ట్యాంకుల సీరియల్ నంబర్ల నుంచే వాటి ఉత్పత్తిని అంచనా వేశాయి.

బిల్లు నంబరు సంగతి పూర్తిగా వేరు. సొసైటీ నెయ్యి అమ్మితే జీఎస్‌టీ ఇన్‌వాయిస్ ఇవ్వాలి. దాని నంబరు వరుసగా ఉండాలనీ, 16 అక్షరాలు మించకూడదనీ, ఆర్థిక సంవత్సరంలో యూనిక్‌గా ఉండాలనీ నియమం. డేటాబేస్‌లో వరుస నంబర్లిచ్చే సీక్వెన్స్ ఈ హామీ ఇవ్వదు. ట్రాన్సాక్షన్ రద్దయితే తీసుకున్న నంబరు తిరిగి రాదు, మధ్యలో ఖాళీలు వస్తాయి. కాబట్టి ఇన్‌వాయిస్ నంబరుకి విడిగా ఒక కాలమ్, దాన్ని ఇచ్చేందుకు ఒకేసారి ఇద్దరు తీసుకోకుండా తాళం వేసి పెంచే ఒక చిన్న లెక్కల టేబుల్ పెట్టండి. ప్రైమరీ కీ దాని దారిన అది ఉంటుంది.

ఏడో అడుగు: ఇప్పటికే నడుస్తున్నది మార్చాలంటే

ఐఎఫ్ఎస్‌సీ ప్రైమరీ కీగా ఉన్న డేటాబేస్ మీ చేతికి వచ్చిందనుకుందాం. ఒక్క రాత్రిలో మార్చాలని చూడకండి. ముందు బ్రాంచి టేబుల్‌లో ఐడీ కాలమ్ చేర్చి విలువలు నింపి, దాని మీద యూనిక్ పెట్టండి. ఖాతాల టేబుల్‌లో, చెల్లింపుల టేబుల్‌లో బ్రాంచి ఐడీ అనే ఖాళీ కాలమ్ చేర్చండి. ఇప్పటినుంచి పడే కొత్త రికార్డుల్లో పాత కోడ్, కొత్త ఐడీ రెండూ రాసేలా ప్రోగ్రాంని మార్చండి. ఆ తర్వాత పాత రికార్డులను కొన్ని వేల చొప్పున, పని తక్కువ ఉండే వేళల్లో నింపండి. పాల కేంద్రానికైతే అది మధ్యాహ్నం.

నింపడం పూర్తయ్యాక, ఐడీ లేని రికార్డు ఒక్కటైనా ఉందేమో, కోడ్‌కీ ఐడీకీ పొంతన లేనిది ఉందేమో క్వెరీతో చూడండి. ఆపైన కొత్త ఫారిన్ కీలు (ఒక టేబుల్ మరో టేబుల్ కీని సూచించే లంకెలు), నాట్ నల్ పెట్టి, చదివే కోడ్ అంతటినీ ఐడీ మీదకి తిప్పండి. ఒక బిల్లింగ్ చక్రం అలా నడవనివ్వండి. రైతుల చెల్లింపులు పాత లెక్కతో పైసా తేడా లేకుండా కలిస్తేనే పాత ఫారిన్ కీలను తీసి, ఐడీని ప్రైమరీ కీగా చేయండి. చెల్లింపుల టేబుల్‌లోని పాత ఐఎఫ్ఎస్‌సీ కాలమ్‌ని మాత్రం తీసేయవద్దు. డబ్బు పంపిన రోజున ఏ కోడ్‌కి పంపారో ఆడిటర్ అడిగితే చూపించడానికి అదే ఆధారం.